కాఫీ తాగామని చెప్పిన మనిషి

అమెరికాలో 1999 జనవరి నుంచి 2007 జూన్ దాకా హెచ్‌బీఓలో 86 భాగాలుగా వచ్చిన నేరకథ ‘ద సొప్రానోస్’ ఒక సైకియాట్రిస్టు వెయిటింగ్ రూమ్‌లో మొదలవుతుంది. న్యూజెర్సీ ముఠా నాయకుడు టోనీ సొప్రానో ఇంటి స్విమ్మింగ్‌పూల్‌లో కొన్నాళ్లుగా మకాం పెట్టిన బాతులు ఎగిరిపోతాయి. వాటిని చూస్తూ చూస్తూ అతను కుప్పకూలతాడు. స్కానింగ్‌లో ఏమీ దొరకదు. పానిక్ ఎటాక్ అని తేల్చి, డాక్టర్ జెన్నిఫర్ మెల్ఫీ దగ్గరికి పంపుతారు.

ఇక్కడిదాకా నల్లగొండ, పాలమూరు ఓపీల్లో కనబడే కథే. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో ఒకాయన ఛాతీ పట్టుకుని వస్తాడు, “పానం పోయినట్లైతుంది సార్” అంటాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ అప్పటికే సూది వేసి ఉంటాడు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ బాగుంటాయి. హైదరాబాద్ పోయి మళ్లీ అవే తీయించుకుంటాడు. మొదటిసారి వచ్చినప్పుడు గుండెను చూడాల్సిందే, అందులో రెండో మాట లేదు. గుండె బాగుందని తేలాక మాత్రం లెక్క మారాలి. దడ, చెమట, వణుకు, ఊపిరాడకపోవడం, తిమ్మిర్లు, చచ్చిపోతానన్న భయం లాంటి 13 లక్షణాల్లో కనీసం 4 ఒక్కసారిగా మీదపడి నిమిషాల్లోనే తారస్థాయికి చేరితే అది పానిక్ ఎటాక్. అది మళ్లీ వస్తుందన్న బెంగతోనో, ఆ భయానికి బస్సెక్కడం మానేసో నెలరోజులైనా గడిపితే పానిక్ డిజార్డర్ అంటారు.

మన దగ్గర ఇంకో మాట తప్పక అడగాలి: కల్లు తాగుతారా, ఆఖరుసారి ఎప్పుడు? కల్తీ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తుమందు కలుస్తుంది. దానికి అలవాటుపడ్డ మనిషికి ఒకటి రెండు రోజులు దొరక్కపోతే దడ, వణుకు, నిద్రలేమి, పొంతన లేని మాటలు, ఆపైన ఫిట్స్ వస్తాయి. దాన్ని పానిక్ అనుకుని కౌన్సెలింగ్‌కు కూర్చోబెడితే ప్రాణం మీదికొస్తుంది. అతనికి ముందు కావాల్సింది ఆస్పత్రి మంచం.

సీరియల్ మొదటి భాగంలోనే మాటల వైద్యానికి, అంటే సైకోథెరపీకి, ఉన్న అసలు హద్దును చూపించింది. బాకీ ఎగ్గొట్టిన ఒకతని గురించి టోనీ చెప్పబోతుంటే మెల్ఫీ ఆపుతుంది: ఇక్కడి మాట బయటికి పోదు, కానీ ఎవరికైనా ప్రాణహాని జరగబోతోందని తెలిస్తే నేను పోలీసులకు చెప్పాల్సి ఉంటుంది. టోనీ ఒక్క క్షణం ఆగి, అతనూ నేనూ కాఫీ తాగాం అంటాడు. తెర మీద మాత్రం అతన్ని కారుతో వెంటాడి, గుద్ది, కాలు విరగ్గొడతాడు. ఆ గదిలోకి వచ్చింది కాఫీ ఒక్కటే. సైకోథెరపీకి ఎక్స్‌రే లేదు, రక్తపరీక్ష లేదు. పేషెంటు నోటివెంట వచ్చిందే ముడిసరుకు.

మెల్ఫీ చెప్పిన షరతు కల్పన కాదు. అపాయంలో ఉన్న మూడో మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టుకు ఉందని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కూడా గోప్యతను హక్కుగా ఇస్తూనే, మరొకరికి హాని జరగకుండా చూసేందుకు అవసరమైనంత మేరకే చెప్పవచ్చంటుంది. ఈ ‘అవసరమైనంత మేరకే’ అన్నది మన ఊళ్లలో ఎవరూ పట్టించుకోరు. మేనమామ వచ్చి “మా పిల్లకేమైంది సార్” అనగానే మొత్తం చెప్పేస్తే ఆ పిల్ల రెండోసారి రాదు. సీరియల్‌లోనూ మెల్ఫీ తానే థెరపీకి వెళ్లే డాక్టర్ కుప్‌ఫర్‌బర్గ్ ఒక విందులో అందరి ముందూ ఆమె పేషెంటు ఎవరో బయటపెట్టేస్తాడు. ఆ సన్నివేశం చాలా మంది గమనించకుండా దాటేస్తారు కానీ, నాకు అది కథ మొత్తంలోకీ పెద్ద వృత్తిద్రోహం.

మూడో సీజన్‌లో మూలకారణం దొరుకుతుంది. చిన్నప్పుడు టోనీ తన తండ్రి ఒక మాంసం కొట్టు యజమాని చిటికెన వేలు నరకడం చూశాడు. అదే కొట్టు మాంసం ఆ రాత్రి ఇంట్లో వండితే సొమ్మసిల్లాడు. సినిమా లెక్కన గుర్తుకు రావడంతోనే జబ్బు పోవాలి. ఇక్కడ పోదు, అదే నిజం. వేరు తెలిసినంత మాత్రాన భయపడటానికి అలవాటుపడ్డ ఒళ్లు ఆ అలవాటు మానదు.

పానిక్‌కు బాగా రుజువైన పద్ధతి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచననూ అలవాటునూ మార్చే వైద్యం, సుమారు 12 వారాలు. అందులో ఎటాక్ లక్షణాలను కావాలనే తెప్పిస్తారు: నిమిషంపాటు వేగంగా లోతుగా ఊపిరి, ముక్కు మూసి సన్న స్ట్రాతో ఊపిరి, తిరిగే కుర్చీలో ఒక నిమిషం. ప్రతిసారీ భయానికి 0 నుంచి 10 దాకా మార్కు వేయిస్తారు. రోజూ చేస్తుంటే 8 ఉన్నది 3కి దిగుతుంది. గుండెజబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్లకు, గర్భిణులకు డాక్టరు చూడకుండా ఇవి చేయించకూడదు. ఎక్కువగా చెడేది ఎక్కడంటే జేబులోని అల్ప్రాజోలం స్ట్రిప్ దగ్గర. వేసుకోకపోయినా అది ఉందన్న ధైర్యంతో చేస్తే, ‘గోలీ ఉంది కాబట్టి బతికాను’ అని మెదడు రాసుకుంటుంది. మెల్ఫీ కూడా మూడో సీజన్‌లో టోనీని బిహేవియర్ థెరపిస్టు దగ్గరికి పంపాలనుకుంటుంది, చివరికి పంపలేకపోతుంది.

మందుల సంగతి సీరియల్ త్వరగా దాటేసింది. మెల్ఫీ టోనీకి రాసిన ప్రోజాక్, అంటే డిప్రెషన్‌కూ పానిక్‌కూ వాడే ఫ్లూయాక్సెటిన్, పానిక్‌లో 10 మిల్లీగ్రాముల లాంటి చిన్న మోతాదుతో మొదలుపెడతారు. మొదటి వారం అలజడి పెరగొచ్చు, గుణం కనబడటానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఇది ముందే చెప్పకపోతే అయిదో రోజుకు “ఈ మందు పడలేదు” అని పారేస్తారు. మెల్ఫీ ఒక దశలో మూడ్ హెచ్చుతగ్గులకు వాడే లిథియం కూడా ఇస్తుంది. అది వేసుకునేవాళ్లకు నల్లగొండ ఎండాకాలం ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గినా, మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ మింగినా రక్తంలో లిథియం పెరుగుతుంది. ఆఖరి మోతాదు వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి చూసుకోవాలి.

ఇక పెద్ద ప్రశ్న. ముసలివాళ్లకు పెత్తనం తమదేనన్న భ్రమ మిగల్చమని మెల్ఫీ చెబితే, టోనీ దాన్ని పట్టుకెళ్లి తండ్రి తోడబుట్టినవాడికి ఉత్తుత్తి నాయకత్వం కట్టబెట్టి ముఠాను తానే నడుపుతాడు. ఆఖరుకు ముందటి భాగంలో ఆమె నేరస్థుల మీద యోకెల్సన్, సేమెనోలు చేసిన అధ్యయనం చదువుతుంది. మాటల వైద్యం కరుడుగట్టిన నేరస్థుడికి మరింత తెలివైన నేరస్థుడయ్యేందుకు ఉపయోగపడుతుందన్న ఆ వాదన తొలి సంపుటం 1976లో వచ్చింది. పోల్చి చూడటానికి మరో గుంపు లేకుండా చేసిన పని అది. దాన్ని పట్టుకుని థెరపీయే దండగ అనడం తప్పు. టోనీ తెచ్చిన ఫిర్యాదు స్పృహ తప్పడం గురించి, చేసే పని గురించి కాదు. తెచ్చిన ఫిర్యాదుకే వైద్యం జరిగింది. తాగి భార్యను కొట్టే మనిషికి నిద్ర మాత్రలు రాసిచ్చి బాగుచేశామనుకుంటే మనమూ అదే చేసినట్టు. లక్ష్యం ఏమిటో మొదటి రోజే కాగితం మీద పెట్టుకోవాలి.

వెయిటింగ్ రూమ్ పత్రికలోంచి వంటకం పేజీ చింపుకున్నాడని కోప్పడి, అతని కొడుకు ఆత్మహత్యకు ప్రయత్నించిన రోజుల్లోనే మెల్ఫీ థెరపీ ఆపేసి టోనీని పంపేస్తుంది. ఆపే హక్కు థెరపిస్టుకు ఉంది, ఆపే తీరు మాత్రం ఇది కాదు. ముందే చెప్పాలి, వీలైతే రెండు మూడు విడతలు అందుకే కేటాయించాలి, తర్వాత చూసే డాక్టరు ఎవరో చెప్పాలి. చేతికిచ్చే చీటీలో మందు పేరు, మోతాదు, ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారు, నెలకు ఎన్ని ఎటాక్‌లు, చచ్చిపోవాలన్న ఆలోచనలు ఉన్నాయా అన్నవి అయిదు వరుసల్లో రాస్తే చాలు. పాత మందుల డబ్బా సంచిలో వేసుకుని సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు వెళ్లే మనిషి మళ్లీ మొదటి ఈసీజీ నుంచి మొదలుపెట్టే పని తప్పుతుంది.