సీసా చెత్తబుట్టలోకి, బిడ్డ ఊదు పొగలోకి

హనుమకొండలో మా బంధువుల ఇంటికి నేను వెళ్ళేసరికి పసిబిడ్డకు తానం పోస్తున్నారు. పిల్లల షాంపూలో ఫార్మాల్డిహైడ్ ఉందని, అది క్యాన్సర్ తెస్తుందని ముందు రోజు టీవీలో వచ్చిందట. బాలింత అప్పటికే సగం వాడిన సీసాను చెత్తబుట్టలో పడేసింది. అమ్మమ్మ చాచిన కాళ్ళ మీద మనుమరాలిని పడుకోబెట్టి, శనగపిండితో రుద్ది, నీళ్ళు పోసి తుడిచి, నిప్పుల మీద ఊదు చల్లి, వెంట్రుకలు ఆరేదాకా ఆ పొగ మీద పట్టుకున్నది.

టీవీ వార్త అబద్ధమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే ఫార్మాల్డిహైడ్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా గుర్తించింది. అయితే అందుకు ప్రధాన ఆధారం, పనిచేసే చోట ఆ వాయువును ఏళ్ళ తరబడి పీల్చినవారిలో ముక్కు వెనుక భాగాన కనిపించిన క్యాన్సర్. షాంపూ సంగతి వేరు. నీళ్ళుండే ఏ సరుకులోనైనా సూక్ష్మజీవులు పెరుగుతాయి కనుక వాటిని ఆపడానికి కలిపే కొన్ని పదార్థాలు ఈ రసాయనాన్ని కొద్దికొద్దిగా వదులుతాయి. అది చర్మానికి తగిలి, నిమిషంలో నీళ్ళతో పోతుంది. కొందరికి దద్దుర్లు రావచ్చు, అది నిజమైన ఇబ్బందే. కానీ మన శరీరం తానే ఈ పదార్థాన్ని తయారుచేసుకుంటుందని, లీటరు రక్తంలో సుమారు 2 నుంచి 3 మిల్లీగ్రాములు ఎప్పుడూ ఉంటుందని ఆ వార్త చెప్పలేదు. ఎంత, ఏ దారిన, ఎన్నాళ్ళు అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేని వార్త భయపెట్టగలదే తప్ప ఏమీ తెలియజేయలేదు.

ఆ ప్రశ్నలనే ఊదుకు వేసి చూస్తే, అది కాలినప్పుడు సన్నని మసితో పాటు అదే ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. అదీ ఊపిరితిత్తుల దారిన, రోజూ.

పౌడరు కథా ఇలాంటిదే. 2024లో అదే విభాగంవారు, పౌడరుకు ముడిసరుకైన మెత్తని ఖనిజం టాల్క్‌ను ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చారు; మన ఆదివారపు మటన్ కూడా ఆ వర్గంలోనే ఉంది, ఎందుకంటే ఆ జాబితా కొలిచేది ఆధారాల బలాన్నే, ప్రమాదపు పరిమాణాన్ని కాదు. పిల్లల డాక్టర్లు పౌడరు వద్దనడానికి ముఖ్య కారణం మరొకటి: ఆ దుమ్ము పసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నన్ను నిజంగా కలవరపెట్టేది టీవీకి ఎక్కని కాటుక. దీపపు మసితో ఇంట్లో పట్టినది వేరు. కాటుకలాగే కంటికి పెట్టే అంగడి సుర్మాల్లో చాలావాటిని సీసపు ఖనిజమైన గెలీనాను నూరి చేస్తారు. ఎదిగే మెదడుకు సీసం ఇంతవరకైతే ఫరవాలేదనే హద్దు ఏదీ ఇప్పటిదాకా కనబడలేదు. కంటికి పెట్టినది పసివేళ్ళకు అంటుతుంది, ఆ వేళ్ళు నోట్లోకి పోతాయి.

పొగ ఆరిన తరువాత అమ్మమ్మ చిన్న డబ్బీ తీసింది. ఇంట్లో పట్టిన కాటుకేనా అని అడిగాను.

“కాదు బిడ్డా, మొన్న జాతరల కొన్న” అన్నది.