నెల చివర పుస్తకాలు మూసి రాయండి

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ జాబితాలు అందాయి. బడి పాఠాలు కాకుండా ఈ నెల సొంతంగా ఏమేం చదివారో అందరూ రాసి పంపారు. చాలా సంతోషం వేసింది. అయితే అందరివీ ఒకే తీరుగా ఉన్నాయి. పుస్తకం పేరు, పేజీల సంఖ్య, ఆ పక్కన ‘బాగుంది’ లేదా ‘చాలా బాగుంది’. మీరు ఏం చదివారో తెలిసింది గానీ, చదివి మీకేమైందో తెలియలేదు.

కాబట్టి ఇంకో పని చేయండి. పుస్తకాలన్నీ మూసి పక్కన పెట్టి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయండి. మధ్యలో పుస్తకం తెరవకూడదు, ఫోన్‌లో వెతకకూడదు. మొదట ఏమీ గుర్తురాదు. టెన్షన్ పడకండి, కాసేపు అలాగే కూర్చుంటే ఒక్కొక్కటే వస్తాయి.

మర్చిపోవడం మీ ఒక్కరి లోపం కాదు. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని తన మీద తానే పరీక్షించుకుని 1885లో ఫలితాలు ప్రచురించాడు. అర్థం లేని అక్షరాల వరసలు బట్టీపట్టి, కొన్నాళ్లాగి, వాటినే మళ్లీ నేర్చుకునేటప్పుడు మొదటిసారితో పోలిస్తే ఎంత సమయం కలిసొస్తుందో లెక్కగట్టాడు. ఎంత ఎక్కువ గుర్తుంటే అంత ఎక్కువ సమయం కలిసొస్తుందన్నమాట. ఒక రోజు తర్వాత సుమారు మూడో వంతు సమయమే కలిసొచ్చింది, నెల తర్వాత ఐదో వంతు. అంటే పోయేదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజే పోతుంది, మిగిలింది మాత్రం అంత తొందరగా వదలదు. మీరు చదివినవాటికి అర్థం ఉంది కనుక మీకు ఇంకా ఎక్కువే మిగిలి ఉంటుంది.

చూడకుండా రాయమనడానికీ కారణం ఉంది. 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికా పరిశోధకులు కాలేజీ విద్యార్థుల్లో కొందరితో ఒక పాఠాన్ని మళ్లీ చదివించారు, కొందరితో చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాలకు పెట్టిన పరీక్షలో మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే, చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

ఇక ఏం రాయాలంటారా? మీలో ఒకరు ఓడ ప్రయాణం నవల పక్కన ‘బాగుంది’ అని రాశారు. ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఓడ మునిగిన ఘట్టం ఊసే ఎత్తలేదు. తుఫాను రాత్రి వంటవాడు మిగిలిన రొట్టెలు లెక్కపెట్టుకునే అరపేజీ గురించే ఆపకుండా చెప్పారు. చివరి రొట్టెను ఎవరికీ చెప్పకుండా దాచాడట. అది దొంగతనమా, ముందుజాగ్రత్తా అని నన్ను నిలదీశారు కూడా. నాకు కావలసింది సరిగ్గా అదే! కథ మొత్తం అప్పజెప్పక్కర్లేదు. ఎక్కడ ఆగిపోయారో, ఏది తేలలేదో, ఎవరి మీద కోపం వచ్చిందో రాయండి. ‘దాచడం తప్పే, కానీ నేనైనా దాచేవాణ్ణేమో’ అన్న ఒక్క వాక్యం నాకు పేజీల లెక్కకంటే విలువైనది.

సగంలో వదిలేసిన పుస్తకాలు జాబితాలో ఒక్కటీ లేవు. ఉండే ఉంటాయి, దాచకండి. ఏ పేజీలో ఆపారు, ఎందుకు ఆపారు? పాత్రల పేర్లు కలగాపులగమై ఆపడం వేరు, రచయిత చెప్పిందే తిప్పితిప్పి చెబుతుంటే విసుగొచ్చి ఆపడం వేరు. మొదటిదైతే పేర్లు ఒక చీటీ మీద రాసుకుని మళ్లీ మొదలుపెట్టొచ్చు. రెండోదైతే నిక్షేపంగా వదిలేయండి. విసుగు ఎందుకొచ్చిందో చెప్పగలగడం కూడా చదవడంలో భాగమే అని నా గట్టి నమ్మకం.

ఏ వేళ చదివితే బాగా సాగిందో ఓ ముక్క రాస్తే చాలు. వచ్చే నెల పుస్తకాలు మాత్రం ఇప్పుడే ఎంచుకోకండి. ముందు ఈ కాగితం పూర్తిచేయండి. అందులో తేలని ప్రశ్న ఏదైనా ఉంటే, దాన్ని పట్టుకుని వెతుకుదాం.

అక్షరదోషాల గురించి ఆలోచించకుండా రాసి, ఫొటో తీసి పంపినా సరే. చిన్నవాడికి రాయడం కష్టమైతే వాడు చెబుతుంటే అక్క రాసిపెట్టాలి. మాటలు మాత్రం వాడివే ఉండాలి, అక్క సరిదిద్దకూడదు.

మీ
పెదనాన్న