పిన్‌కోడ్‌ మీద 1001 పనితనం

విజయనగరం పిన్‌కోడ్ 535003ను 7 నిశ్శేషంగా భాగిస్తుంది. అదే ఊరి 535002ను 13, ఇచ్ఛాపురం 532312ను 11 భాగిస్తాయి. ఇది తేల్చడానికి భాగహారం పెట్టక్కర్లేదు, ఒక్క తీసివేత చాలు.

కుడివైపు నుంచి మూడంకెలు విడదీసి, మిగిలిన మూడింటితో తేడా చూడండి. 535−3=532, అంటే 7×76. 535−2=533, అంటే 13×41. 532−312=220, అంటే 11×20. పలాస 532221కి తేడా 311. అది ఈ మూడింటిలో దేనికీ లొంగదు, కాబట్టి పిన్‌కోడూ లొంగదు.

కిటుకంతా 1001=7×11×13 అనడంలో ఉంది. వెయ్యంటే 1001కి ఒకటి తక్కువ. అందుకని 535003ని 535×1001−535+3 అని రాయొచ్చు. మొదటి ముక్కను 7, 11, 13 మూడూ భాగిస్తాయి. ఇక చూడాల్సింది 3−535 ఒక్కటే. బళ్లో 7కి చెప్పే సూత్రం (చివరి అంకెను రెట్టించి తీసేయడం) తప్పేమీ కాదు గానీ, ఆరంకెల సంఖ్యకి దాన్ని మళ్లీ మళ్లీ చేయాలి.

పొరపాట్లు ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి. మొదటిది కామాలు. మన లెక్కలో 5,35,003 అని రాస్తాం. ఆ కామాల దగ్గర విడగొడితే లెక్క చెడుతుంది. ఎప్పుడూ కుడి నుంచి మూడేసి అంకెలే తీసుకోవాలి. పదంకెల ఫోన్ నంబరైతే నాలుగు గుంపులొస్తాయి, ఎడమ చివర ఒక్క అంకే మిగులుతుంది. కుడి గుంపుతో మొదలుపెట్టి ఒకటి కూడుతూ, ఒకటి తీసేస్తూ పోవాలి.

రెండోది శేషం. శ్రీకాకుళం 532001కి తేడా 531. దాన్ని 7తో భాగిస్తే 6 మిగులుతుంది, కానీ అసలు శేషం 6 కాదు. తీయాల్సింది కుడి గుంపులోంచి ఎడమ గుంపును, అంటే 1−532=−531. అప్పుడు శేషం 7−6=1. సరిచూడటం తేలికే: 532 ఏడో ఎక్కంలోదే కనుక 532000ని 7 భాగిస్తుంది, మిగిలేది 1. భాగిస్తుందా లేదా అన్నంత వరకైతే ఎటు నుంచి తీసినా ఒకటే.

1001కి ఈ మూడు కారణాంకాలు ఎలా వచ్చాయి? 10³+1³ కాబట్టి, a³+b³ సూత్రం ప్రకారం అది (10+1)(100−10+1), అంటే 11×91. చూడ్డానికి 91 ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది గానీ అది 7×13. చదివింపుల్లో మనవాళ్లకి 1116 మీదే మోజు. పాపం, దానికి ఈ మూడు కారణాంకాల్లో ఒక్కటీ లేదు.

దశాంశాల్లోనూ 1001 చెయ్యి ఉంది. 1/7 రాస్తే 142857 తిరిగి తిరిగి వస్తుంది; 142+857=999. ఎందుకంటే అలా తిరిగే ఆరంకెలు 999999ని 7తో భాగిస్తే వచ్చేవే. 999999=999×1001. దాన్ని 7తో భాగిస్తే 999×143, అంటే 143000−143. వెయ్యిరెట్లలోంచి 143 తీసేసరికి ఎడమ సగం 142కి దిగుతుంది, కుడి సగం 1000−143, అంటే 857 అవుతుంది. 1/13కి 77000−77=076923; 1/11కి 91000−91=090909. రెండింటిలోనూ సగాలు కలిపితే మళ్లీ 999.