బుంజింగ చిత్రకారులు: అపోహలు – వాస్తవాలు

సిరా చిత్రకళ నేర్పుతుంటాను. జపాన్ పండిత సంప్రదాయమైన బుంజింగ గురించి, అందులో ముఖ్యంగా ఇకె నో తైగా (1723–1776) గురించి, కొత్తగా చేరినవాళ్లు అనే మాటలివి.

అపోహ: డబ్బున్న పండితులు సరదాకి వేసుకున్న బొమ్మలు.

ఆ ఆదర్శం చైనాది. జపాన్‌లో చాలామందికి కుంచే కూడు పెట్టింది. తైగా తండ్రి క్యోటో వెండి టంకశాల ఉద్యోగి, కొడుకు పసివాడిగా ఉండగానే ఆ తండ్రి పోయాడు. తైగా పదిహేనేళ్ల ప్రాయంలోనే విసనకర్రల మీద బొమ్మలేసి అమ్మే దుకాణం పెట్టాడు. భార్య గ్యోకురన్ కూడా చిత్రకారిణే, ఆమె తల్లి క్యోటోలోని గియోన్ పేటలో టీ దుకాణం నడిపేది. ఉరగామి గ్యోకుదో లాంటి సమురాయ్‌లూ లేకపోలేదు. ఆయన 1794లో కొలువు వదిలి, ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని దేశాలు పట్టిపోయాడు.

అపోహ: శిక్షణ అక్కర్లేదు, మనసుకు తోచినట్టు గీయడమే.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. జపనీయులు దేశం దాటకూడదని ఆంక్ష ఉన్న కాలమది. చైనా ఓడలు నాగసాకికే వచ్చేవి, వాటిలో దిగిన అచ్చు పుస్తకాలే వీళ్లకు బడి. 1679 నుంచి చైనాలో వెలువడిన 'ఆవగింజ తోట' చిత్రపాఠాలు అలాంటివే. తైగా వాటిని చూసి దిద్దుకున్నాడు, గియోన్ నంకై వంటి పెద్ద చిత్రకారుల్ని వెతుక్కుంటూ వెళ్లాడు.

కొండ ఒంటికి మడతలు తెచ్చే పొడవాటి గీతలుంటాయి, నారపోగుల్లాంటివి. పుస్తకంలో అవి చెక్క అచ్చులు. సిరా ఎక్కడ పలచనో, కుంచె ఎక్కడ ఆరి గరగరలాడిందో వాటిలో కనపడదు. మా క్లాసులోనూ అక్కడే తడబడతారు: కుంచె నిండా ముంచి గీస్తారు, కాగితం పీల్చేసి కొండ కాస్తా మరకవుతుంది. పాతగుడ్డకి అద్ది, కుంచె పక్కకి వాల్చి, మోచేతి నుంచి లాగితేనే పోగు విడినట్టు వస్తుంది. చెరిపి దిద్దుకునే వీల్లేదు.

అపోహ: అవన్నీ ఊహల కొండలు.

కొన్ని అంతే. కానీ తైగా ఫుజి, తతెయామ, హకుసన్ మూడూ ఎక్కినవాడు. తనను తాను 'మూడు కొండల యాత్రికుడు' అని చెప్పుకున్నాడు కూడా.

అపోహ: నలుపు తప్ప రంగు ముట్టరు.

1771లో తైగా, మరో బుంజింగ చిత్రకారుడు బుసోన్ చెరో సగం వేసిన 'పది సౌకర్యాలు, పది ఆనందాలు' ఆల్బమ్ చూడండి. పుట సుమారు 18 సెంటీమీటర్ల చదరం, ఆకుల్లో, గుడిసెల్లో లేత రంగులు. రచయిత కవబాత యసునరి సొంతం చేసుకున్నది దీన్నే. రంగుల పెట్టె కొనొద్దని నేనెవరికీ చెప్పను, సిరా నూరడం చేతికొచ్చాక కొనుక్కోమంటాను.