గీజర్ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోందా? దాన్ని మాత్రం తీసేయకండి

బెంగళూరులో మారతహళ్లి చుట్టుపక్కల అద్దె ఇళ్లలో వైరింగ్ పనులు చేస్తాను. చలికాలం వస్తే చాలు, మనవాళ్ల నుంచి ఒకటే ఫోన్: "అన్నా, గీజర్ వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది. అది పాడైనట్టుంది, తీసేసి డైరెక్ట్ ఇచ్చెయ్యి." ఆర్‌సీసీబీ అంటే కరెంటు ఎక్కడైనా లీకైతే సప్లై కట్ చేసే స్విచ్.

అపోహ: మాటిమాటికీ పడిపోతే ఆర్‌సీసీబీ పాడైనట్టే.

వాస్తవం: చాలాసార్లు అది తన పని తాను చేస్తోంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే కట్ చేస్తుంది. ఇక్కడి బోరు నీళ్లకు గీజర్ ఎలిమెంట్ మీద ఉప్పు పేరుకుని, పగిలి, కరెంటు నీళ్లలోకి దిగుతుంది. అలాంటప్పుడు డైరెక్ట్ ఇస్తే ఆ కరెంటుకి మీ ఒళ్లే దారి కావచ్చు.

రెండో కారణం న్యూట్రల్ కలిసిపోవడం. పోయినేడు అనంతపురం నుంచి వచ్చిన ఒక కుటుంబం కొత్త గీజర్ కొన్నా ట్రిప్ ఆగలేదు. ఎవరో వచ్చి ఆర్‌సీసీబీని వదిలేసి నేరుగా వైరు లాగి వెళ్లాడు. ఆ తల్లికి భయం పోలేదు. నీళ్లు కాగాక ప్లగ్ పీకేసి, బకెట్లో పట్టుకుని పిల్లకు స్నానం చేయిస్తోంది. బాత్‌రూమ్ బయటి స్విచ్ బోర్డు విప్పి చూశాను. లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేరే సర్క్యూట్‌వి. వాటి న్యూట్రల్, గీజర్ సాకెట్ న్యూట్రల్ కలిపి ఒకే ముడి! గీజర్ కరెంటు కొంత పక్క న్యూట్రల్‌లోంచి పోతుంటే ఆర్‌సీసీబీకి లెక్క ఎలా కుదురుతుంది? రెండూ విడదీసి, గీజర్ లైను మళ్లీ ఆర్‌సీసీబీ మీదకు తెచ్చాను. ఆ తర్వాత పడలేదు. "ఇక నిజంగా భయం లేదా అన్నా?" అని ఆమె మూడుసార్లు అడిగింది. టెస్ట్ బటన్ ఆమె చేతే నొక్కించాను.

అపోహ: ఎంసీబీ (లోడ్ ఎక్కువైనా, షార్ట్ అయినా పడే స్విచ్) ఉంటే చాలు.

వాస్తవం: 2 కిలోవాట్ల గీజరే దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి మనిషిని చంపే మిల్లీ ఆంపియర్లు కనబడనే కనబడవు.

అపోహ: ఎర్త్ లేకపోతే ఆర్‌సీసీబీ దండగ.

వాస్తవం: ఎర్త్ లేకపోయినా పనిచేస్తుంది, కాకపోతే మీరు ముట్టుకున్నాకే పడుతుంది. ఎర్త్ ఉంటే లీకేజీ మొదలవగానే, మీ చెయ్యి తగలకముందే పడుతుంది. ఎర్త్ లేదని సాకెట్లో న్యూట్రల్‌ని ఎర్త్ పిన్‌కి కలిపేవాళ్లున్నారు. వెనక న్యూట్రల్ తెగితే గీజర్ బాడీ మొత్తం ఫేజ్ అయిపోతుంది. ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

ఇంకొకటి, డీబీలో (ఇంటి మెయిన్ స్విచ్‌ల పెట్టెలో) ఉన్న ఆర్‌సీసీబీ మీద 300 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంటే అది మంటల నుంచి కాపాడటానికి. బాత్‌రూమ్‌కి 30 మిల్లీ ఆంపియర్లదే కావాలి. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే అదీ కాపాడలేదు, కాబట్టి బోర్డు మీరే విప్పొద్దు.

నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. కరెంటు ఉండి కూడా అది పడకపోతే గీజర్ ఆపేసి, ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.