ఆకాశానికి మాటు వేసిన న్యూవా: అపోహలు - వాస్తవాలు

నేను చైనా పురాణ కథలు పాఠం చెప్తుంటాను. ఆ కథల్లోని దేవత న్యూవా పేరెత్తగానే పిల్లలు గుక్క తిప్పుకోకుండా ఒకే కథ అప్పజెప్పేస్తారు: పాంగు లోకాన్ని పుట్టించాడు, న్యూవా మట్టితో మనుషుల్ని చేసింది, కొండ కూలి ఆకాశం చిల్లుపడితే మాటు వేసింది. వినడానికి బాగానే ఉంటుంది. హాన్ వంశం ఏలిన కాలపు (క్రీ.పూ. 206 - క్రీ.శ. 220) పుస్తకాలు తెరిస్తే మాత్రం ఇవన్నీ విడివిడి ముక్కలు. పాంగు అయితే రాతల్లోకి వచ్చిందే క్రీ.శ. 3వ శతాబ్దంలో.

అపోహ: మట్టిబొమ్మల కథే అన్నిటికన్నా పాతది.

వాస్తవం: దొరికిన రాతల్ని బట్టి చూస్తే మాటు కథే ముందు. క్రీ.పూ. 139లో హాన్ చక్రవర్తి వూకి సమర్పించిన ‘హువాయ్‌నాన్‌జీ’ అనే గ్రంథంలో అది ఉంది. నాలుగు దిక్కుల స్తంభాలు విరిగాయి, మంటలు ఆరలేదు, వరద తగ్గలేదు. న్యూవా అయిదు రంగుల రాళ్లు కరిగించి ఆకాశాన్ని అతికింది, పెద్ద తాబేలు కాళ్లు నరికి స్తంభాలుగా నిలబెట్టింది, రెల్లు బూడిద పోసి నీళ్లకు అడ్డుకట్ట వేసింది. గిన్నెలకు మాట్లు వేసేవాళ్లను చూసిన మన పెద్దలకు ఈ పని చప్పున అర్థమవుతుంది.

మట్టి కథ రాసింది క్రీ.శ. 2వ శతాబ్దంలో ఇంగ్ షావో అనే పండితుడు. ఆయన పుస్తకంలో ఆ భాగం పోయింది. 10వ శతాబ్దపు ఒక పెద్ద సంకలనం దాన్ని ఉదహరించబట్టి మిగిలింది. న్యూవా పసుపు మట్టి పిసికి మనుషుల్ని చేస్తూ, పని తెమలక, తాడును బురదలో ఈడ్చి పైకెత్తిందట. పిసికిన మట్టివాళ్లు ధనవంతులు, తాడు నుంచి పుట్టినవాళ్లు పేదలు! పిల్లల పుస్తకాల్లో ఈ చివరి ముక్క ఎగిరిపోతుంది. దాన్ని ఉన్నవాళ్లే కలిపి ఉంటారని నా అనుమానం.

అపోహ: నీటి దేవుడు గోంగ్‌గోంగ్ ఆకాశాన్ని మోసే బుజోవ్ కొండను ఢీకొట్టడం వల్లే ఆమె మాటు వేయాల్సి వచ్చింది.

వాస్తవం: ‘హువాయ్‌నాన్‌జీ’లో ఆ రెండూ వేర్వేరు అధ్యాయాలు. గోంగ్‌గోంగ్ ఉన్నచోట న్యూవా లేదు, న్యూవా ఉన్నచోట గోంగ్‌గోంగ్ లేడు. ‘లియెజీ’ అనే తావో గ్రంథంలో వరసే తిరగబడింది: ముందు మాటు, ఆ తర్వాత ఢీ. క్రీ.శ. 1వ శతాబ్దంలో వాంగ్ చోంగ్ అనే విమర్శకుడు రెండిటినీ మనకు తెలిసిన వరసలో చెప్పాడు, అదీ నమ్మమని కాదు, తప్పుపట్టడానికి.

అపోహ: ఆమె మొదటి నుంచీ పురాణ పురుషుడు ఫుషీ భార్యే.

వాస్తవం: ప్రాచీన కవి చూ యువాన్ పేరుమీద ఉన్న ‘ఆకాశానికి ప్రశ్నలు’ కావ్యం ఫుషీ ఊసెత్తదు. న్యూవాకు శరీరం ఉంది కదా, దాన్ని ఎవరు చేశారు అని మాత్రం అడుగుతుంది. షాన్‌తుంగ్‌లోని వూ లియాంగ్ మందిరంలో, 2వ శతాబ్దపు రాతి చెక్కడంలో, ఇద్దరూ తోకలు పెనవేసుకుని కనిపిస్తారు. మన రావిచెట్టు కింద నాగశిలలు గుర్తొస్తాయి, నిజమే. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం కలిపేయకండి. అన్నాచెల్లెళ్లు పెళ్లాడిన కథ థాంగ్ వంశం ఏలిన కాలం (క్రీ.శ. 618 - 907) రాతల్లోది.

అపోహ: సముద్రంలో మునిగి జింగ్‌వే పక్షిగా మారిందీ ఈ న్యూవాయే.

వాస్తవం: కాదు. పక్షిగా మారింది పురాణాల్లోని యాన్ చక్రవర్తి కూతురు, పేరు కూడా ఇలాగే వినిపిస్తుంది. చైనా లిపిలో రెండో అక్షరం వేరు, పలికే స్వరం వేరు. తెలుగులో రాస్తే మాత్రం రెండూ న్యూవాయే, దాంతో పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు టెన్షన్ నాకు.