రెండు సముద్రాల మధ్య మంచినీటి చెరువు

పనామా కాలువ అనగానే కొండను నిలువునా చీల్చి అట్లాంటిక్‌నీ పసిఫిక్‌నీ కలిపేసిన సముద్రపు పాయ చాలామంది కళ్లముందు మెదులుతుంది. ఆ 80 కిలోమీటర్ల దారిలో ఎక్కువ భాగం వాననీళ్లే. ఓడ ఒకవైపు మూడు మెట్లెక్కి (ఒక్కో మెట్టూ ఒక లాకు, అంటే నీరు నింపి ఓడను పైకి లేపే తలుపుల గది), సముద్రమట్టానికి 26 మీటర్ల ఎత్తున ఉన్న గాటూన్ చెరువులోకి చేరుతుంది. చెరువు దాటి, రెండోవైపు మూడు మెట్లు దిగి మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోతుంది. మన ఊరి చెరువుకు ఉన్న కట్ట, తూములు, అలుగు దానికీ ఉన్నాయి. ఆ కాలువ సాధించిందీ, ఇవాళ పడుతున్న పాట్లూ ఈ చెరువులోంచే పుట్టాయి.

ఫ్రెంచివాడైన ఫెర్డినాండ్ డి లెస్సెప్స్‌కు మాత్రం మెట్ల ఆలోచన రుచించలేదు. 1869లో సూయజ్ కాలువను లాకులే లేకుండా పూర్తి చేయించిన ధీమాతో, 1879 పారిస్ సభలో పనామాకూ సముద్రమట్టపు కాలువనే ఖాయం చేయించాడు. అదే సభలో గొదాన్ ద లెపినే అనే ఇంజనీరు ఛాగ్రెస్ నదికి కట్ట వేసి చెరువు చేద్దామనీ, ఓడల్ని పైకెత్తి దాటిద్దామనీ చెప్పాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. సూయజ్‌ది చదునైన ఇసుక నేల, వాన పడటమే అరుదు. పనామాలో అడ్డంగా కొండల వరస, ఏడాదిలో ఎనిమిది నెలల వానాకాలం, రాత్రికి రాత్రే ఉప్పొంగే నది. పైగా పసిఫిక్ వైపు ఆటుపోట్ల తేడా ఆరు మీటర్ల దాకా ఉంటే, అట్లాంటిక్‌లో భాగమైన కరీబియన్ వైపు అర మీటరు కూడా ఉండదు. 1881లో మొదలైన ఫ్రెంచి పని 1889లో కంపెనీ దివాలాతో ఆగింది. చనిపోయినవాళ్లు 20 వేలకు పైనే అని అంచనా. జ్వరాలే ఫ్రెంచివాళ్లను ఓడించాయని తరచూ రాస్తుంటారు. నన్నడిగితే, అంతకంటే ముందే నేల తీరు చూడకుండా ఒకచోటి నమూనాను ఇంకోచోట దింపడం వాళ్లను ఓడించింది.

జ్వరాల మాటా చిన్నది కాదు. అంకాన్ కొండమీది ఫ్రెంచి ఆసుపత్రిలో చీమలెక్కకుండా మంచాల కోళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టేవారు. ఆ నీళ్లలోనే దోమలు పెరిగి, ఒక మంచం మీది రోగాన్ని పక్క మంచానికి చేరవేశాయి. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న చూశాడు. 1904లో అమెరికా పని చేపట్టే నాటికి ఆ జ్ఞానం వైద్యాధికారి విలియం గోర్గస్ చేతిలో ఉంది. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) దోమ ఇంటి తొట్లలోని తేటనీళ్లలో గుడ్లు పెడుతుంది కాబట్టి పట్టణాలకు కుళాయి నీళ్లిచ్చి తొట్ల అవసరమే లేకుండా చేశారు, ఇళ్లలో గంధకపు పొగ వేశారు. 1905 చివరికి పచ్చజ్వరం పోయింది. మలేరియా దోమ బయటి మడుగుల్లో, చిత్తడిలో పెరుగుతుంది. దానికి మురుగు కాలువలు తవ్వాలి, గడ్డి కోయాలి, నిలవనీటి మీద నూనె చల్లాలి. అందుకే మలేరియా తగ్గింది తప్ప పూర్తిగా పోలేదు.

కాలువలో నిజంగా కొండను కోసిన చోటు కులేబ్రా, సుమారు 13.7 కిలోమీటర్లు. ఇక్కడ తవ్వడం కన్నా తవ్విన మట్టిని మోయడమే గట్టి సమస్య. రైల్వేల మనిషైన చీఫ్ ఇంజనీరు జాన్ స్టీవెన్స్ ముందు పట్టాలు సరిచేయించి, ఆవిరితో నడిచే తవ్వుడు యంత్రాలు ఖాళీ వ్యాగన్ల కోసం ఎదురుచూడకుండా ఏర్పాటు చేశాడు. లాకుల కాలువే మేలని 1906లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను ఒప్పించినవాళ్లలో ఆయనా ఒకడు. అయినా చరియలు విరిగిపడుతూనే ఉన్నాయి. అక్కడి రాయి చాలామటుకు బంకమట్టి గట్టిపడి అయినదే. వాననీరు దిగితే సబ్బులా జారుతుంది. గట్ల బరువుకు కోత అడుగున నేల పైకి పొంగేది కూడా. గట్లు ఏటవాలుగా కోస్తూ, పడిన మట్టిని మళ్లీ ఎత్తుతూ పోవడం తప్ప దారి లేకపోయింది. 1914 ఆగస్టు 15న కాలువ తెరిచాక కూడా, 1915 సెప్టెంబరులో పడ్డ చరియలు దాన్ని ఏడు నెలలు మూసేశాయి.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో లాకులు చూసినవాళ్లకు ఇక్కడి సూత్రం కొత్తది కాదు. కొత్తదల్లా కొలత. పాత లాకు గది 305 మీటర్ల పొడవు, 33.5 మీటర్ల వెడల్పు. గోడల లోపల సొరంగాల్లాంటి, 5.5 మీటర్ల వ్యాసమున్న తూములు పొడుగునా సాగుతాయి. వాటినుంచి గది అడుగుకు పాయలు, అడుగున వరసగా రంధ్రాలు. నీరు కిందనుంచి సమంగా ఉబికితే ఓడ ఊగదు. ఒక పక్కనుంచి వదిలితే ఓడ వెళ్లి గోడకు గుద్దుకుంటుంది. పంపు ఒక్కటీ లేదు, ఎగువ నీరు దిగువకు దిగడమే. రెండు తలుపులు ఎగువ వైపు ముక్కు పెట్టి మూసుకుంటాయి గనుక నీటి ఒత్తిడే వాటిని బిగించి పట్టుకుంటుంది. ఒక్కో తలుపు రెండు మీటర్లకు పైగా మందం, లోపల డొల్ల. ఆ డొల్ల వల్ల నీటిలో తేలి, కీళ్లమీద బరువు తగ్గుతుంది.

అసలు ఖర్చు ఇక్కడే ఉంది. ఓడ ఎక్కినా దిగినా నీళ్లు మాత్రం సముద్రం వైపే పోతాయి. పాత లాకుల గుండా ఒక ఓడ ఈ చివరినుంచి ఆ చివరికి దాటితే సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీరు ఉప్పుసముద్రంలో కలుస్తుంది. రోజుకు 36 ఓడలంటే నాలుగు రోజులకు ఒక టీఎంసీ. పనామా జనాభాలో సగానికి తాగునీరు కూడా ఈ కాలువ చెరువులనుంచే వెళుతుంది. 2016లో తెరిచిన పెద్ద లాకులకు పక్కనే తొట్లు కట్టి, ప్రతిసారీ 60 శాతం నీటిని తిరిగి వాడుతున్నారు. గది చాలా పెద్దది కావడంతో మొత్తం వాడకం పాతదానికంటే పెద్దగా తగ్గలేదు. తిప్పి వాడిన నీటితోపాటు ఉప్పు కూడా పైకి ఎక్కుతోంది.

2023లో ఎల్ నినో వల్ల వానలు ముఖం చాటేశాయి. కొత్త లాకుల్లో ఓడ నీటిలో మునిగే లోతును 50 అడుగులనుంచి 44కు కుదించారు. ఆ ఏడాది చివరికి రోజువారీ ఓడల సంఖ్య 22కు పడిపోయింది. నవంబరులో వరస దాటి ముందు వెళ్లేందుకు ఒక కంపెనీ వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లు కట్టింది.

న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 12,500 కిలోమీటర్లు కలిసొచ్చాయని అందరూ చెబుతారు. ఆ దూరాన్ని ఎవరు మోశారో కూడా చెప్పాలి. కూలీల్లో ఎక్కువమంది బార్బడోస్, జమైకా లాంటి కరీబియన్ దీవుల నల్లజాతివాళ్లు. తెల్ల అమెరికన్లకు బంగారు నాణేల జీతం, వీళ్లకు వెండి నాణేల జీతం. కొట్లు, భోజనశాలలు, ఇళ్లు కూడా బంగారం, వెండి పేర్లతోనే విడదీశారు. అమెరికన్ల కాలంలో నమోదైన 5,609 మరణాల్లో అత్యధికం వెండి జాబితాలోవే. 425 చదరపు కిలోమీటర్ల చెరువు కింద ఊళ్లు మునిగాయి. మునగని ఊళ్లను కూడా 1912 నాటి ఉత్తర్వుతో ఖాళీ చేయించారు. దేశం నడిబొడ్డున పదిమైళ్ల వెడల్పు పట్టీ అమెరికా పాలనలో ఉండిపోయింది. అక్కడ పనామా జెండా ఎగరేసే హక్కు మీద 1964 జనవరిలో నెత్తురు పారింది, 1977లో అమెరికాతో ఒప్పందం కుదిరింది, 1999 డిసెంబరు 31న కాలువ పనామావాళ్ల చేతికొచ్చింది.

ఇప్పుడు ఆ పనామావాళ్లే ఇంకో చెరువు తవ్వే ఆలోచనలో ఉన్నారు. పడమటి వైపు ఇండియో నదికి కట్ట వేసి, సొరంగంతో నీటిని గాటూన్‌కు మళ్లించాలన్నది కాలువ యాజమాన్యం పథకం. కరువులోనూ ఓడలు ఆగకూడదు, నగరానికి నీళ్లు తగ్గకూడదు. రెండూ నిజమైన అవసరాలే. ఆ లోయలో మునిగేవి సుమారు 2 వేల మంది ఇళ్లూ పొలాలూ. అక్కడి రైతులు పడవలెక్కి, నదిని వదలబోమని నినాదాలిస్తున్నారు.